ఎండకు జడిసి ఊరు మారదామా?

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎండను గురించి ఆలోచించే తీరిక మనకు ఉండదు. బడికో, ఆఫీసుకో పోక తప్పదు కాబట్టి పోతాం. తలకు తువ్వాలు చుట్టుకుంటాం, సాయంత్రానికి మరిచిపోతాం. పదవీ విరమణ అయి ఇంటిపట్టున కూర్చున్న తరువాతే ఎండ ఎంతసేపు కాస్తుందో తెలిసివస్తుంది. బళ్ళారి, సిరుగుప్ప, హోస్పేట, రాయచూరు, ఈ పక్క ఏ ఊళ్ళో చూసినా శివరాత్రి పోయిందంటే చాలు, పెద్దవాళ్ళు నలుగురు చేరినచోట ఒకే మాట వినిపిస్తుంది. "ఈ ఎండ ఇక మనవల్ల కాదు. ఇల్లు అమ్ముకుని చల్లటి చోటికి పోదాం" అంటారు. కొందరు బెంగళూరంటారు. కొందరు ఊటీ అంటారు. ఈమధ్య కొందరు ఇంకా దూరం పోయి, ఉత్తరాదికి, డెహ్రాడూనుకో సిమ్లా పక్కకో పోదామంటున్నారు.

నేనూ అన్నాను. అనడంతో ఆగలేదు, ఇల్లు బేరానికి కూడా పెట్టాను. ఆ తరువాత ఏమైందో, అందువల్ల నేను తెలుసుకున్నదేమిటో ఈ పూట మీకు చెబుతాను. మీలో ఎవరైనా బయానా పుచ్చుకునే ఆలోచనలో ఉంటే, ఈ పావుగంట విని అప్పుడు పుచ్చుకోండి.

ముందు నా భయం ఎక్కడ మొదలైందో చెప్పాలి. 2023 మే మొదటి వారం. మధ్యాహ్నం మూడు గంటల వేళ. నేను బ్యాంకు పనిమీద బయటికి వెళ్ళాను. ఇంట్లో మా ఆవిడ ఒక్కతే ఉంది. కరెంటు పోయింది. వంటింట్లో గిన్నెలు సర్దుతూ సర్దుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. పక్కింటి కన్నడ అమ్మాయి పెరుగులోకి తోడు అడుగుదామని వచ్చి చూసింది. కేక వేసి ఇద్దర్ని పిలిచి, మా ఆవిణ్ణి నడవలోకి చేర్చి, తడిబట్టతో ఒళ్ళంతా తుడిచి, విసనకర్రతో విసురుతూ ఆటో పిలిపించింది. నేను వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది, మనుషులు ఆసుపత్రిలో ఉన్నారు.

డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి చెప్పిన మాటలు మీకూ పనికివస్తాయి. వయసు మీద పడినకొద్దీ దాహం తెలియడం తగ్గిపోతుందట. ఒంట్లో నీళ్ళు అయిపోతున్నా నోరు ఆరదు. చెమట కూడా తక్కువ పడుతుంది కాబట్టి ఒళ్ళు చల్లబడే దారి మూసుకుపోతుంది. దానికి తోడు రక్తపోటుకు వాడే మాత్రల్లో కొన్ని నీళ్ళను బయటికి పంపేవి. మా ఆవిడ వాడుతున్నది అలాంటిదే. "దాహం వేస్తే తాగుతాం అనుకోకండి, వేళకు తాగండి. మాత్రలు మీ అంతట మీరు మానకండి. ఎండలు ముదరకముందే, మార్చిలోనే ఒకసారి వచ్చి నాకు చూపించండి" అన్నారు.

ఇది చిన్న విషయం కాదు. 2015 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క వేసవిలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందలమందికి పైగా వడదెబ్బకు పోయారు. ఎండలో పనిచేసే కూలీలు, ఇళ్ళలో ఉన్న ముసలివాళ్ళు అందులో ఎక్కువ. కాబట్టి ఎండకు భయపడ్డవాణ్ణి చూసి నవ్వకూడదు. నేను భయపడ్డాను. ఆ భయంలోనే ఇల్లు అమ్మేద్దామనుకున్నాను.

అప్పుడే డెహ్రాడూనులో ఉద్యోగం చేసే మా తోడల్లుడి కొడుకు ఫోను చేశాడు. అది 2024 జనవరి. "పెదనాన్నా, ఇక్కడ పొద్దున ఆరు డిగ్రీలు. పెద్దమ్మను తీసుకుని వచ్చెయ్యండి. మా పక్కనే చిన్న ఇల్లు చూస్తాను" అన్నాడు. ఉత్తరమంటే చలి, చలి ఉన్నచోట ఎండ ఉండదు అని నా మనసు చటుక్కున లెక్క కట్టేసింది. నేను ముప్పయి మూడేళ్ళు హైస్కూలు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి. భూగోళం పాఠం నాకు కంఠతా వచ్చు. అయినా ఆ పొరపాటు చేశాను. మా ఆవిడ ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆవిడే అడ్డుపడింది. "ఏమండీ, జనవరిలో ఫోను చేసి చల్లగా ఉందంటే బళ్ళారి కూడా చల్లగానే ఉంటుంది. ఎండాకాలంలో ఒకసారి పోయి చూసి, అప్పుడు అమ్మండి" అంది. ఇల్లు కొనడానికి వచ్చినాయనను నెల రోజులు ఆగమని చెప్పి, మే నెలాఖరులో బయలుదేరాం.

గుంతకల్లులో అర్ధరాత్రి దాటాక కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మరునాడు పగలంతా షోలాపూరు మీదుగా, మన్మాడ్ మీదుగా వేడిగాలిలో ప్రయాణం. ఇంకో రాత్రి గడిచి ఢిల్లీలో దిగాం. అది మే 29. పొద్దున పది గంటలకే ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టలేకపోయాం. ఆ రోజున ఢిల్లీ సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 46.8 డిగ్రీలు నమోదయింది. దాదాపు ఎనభై ఏళ్ళలో అక్కడ అంత ఎండ లేదని మరునాటి పత్రికల్లో రాశారు. సరే, డెహ్రాడూను కొండల దగ్గర కదా అనుకున్నాం. మే 31న అక్కడా 43 డిగ్రీలు దాటింది. మా వాడు సిగ్గుపడుతూ, "ఈ యేడు ఇలా అయింది పెదనాన్నా" అన్నాడు. అదే వారంలో పక్కింటి అమ్మాయి బళ్ళారి నుంచి ఫోను చేసింది. "అమ్మా, ఇల్లి మళె బంతు" అంది. ఇక్కడ వాన వచ్చింది అని. మా ఆవిడ నా ముఖం కేసి చూసి ఏమీ అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక, నేను చెప్పిన పాఠమే నేను మళ్ళీ చదువుకున్నాను. భూమధ్యరేఖకు దూరం పోయేకొద్దీ చల్లన అని పిల్లలకు చెబుతాం. ఆ మాట సంవత్సరం మొత్తం లెక్కకు నిజం. వేసవి లెక్కకు కాదు. జూన్ 21న సూర్యుడు కర్కటరేఖ మీద, అంటే 23 డిగ్రీల పైచిలుకు అక్షాంశం మీద నడినెత్తిన ఉంటాడు. బళ్ళారి పదిహేను డిగ్రీల దగ్గర ఉంది. ఢిల్లీ ఇరవై ఎనిమిదిన్నర దాటి ఉంది. అంటే ఆ రోజుల్లో సూర్యుడి నడినెత్తి మనకన్నా ఢిల్లీకే దగ్గర. పైగా అక్కడ పగలు దాదాపు పద్నాలుగు గంటలు, మనకు పదమూడు. సముద్రం గాలి అందదు. అన్నిటికన్నా ముఖ్యం వాన. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కానీ, మృగశిర కార్తె వచ్చేసరికి, అంటే జూన్ రెండో వారానికి, మన దిక్కున మబ్బు పట్టి గాలి మారుతుంది. ఢిల్లీకి రుతుపవనాలు చేరేది మామూలుగా జూన్ నెలాఖరుకు. మన ఎండ ముగిసిన తరువాత వాళ్ళకు ఇంకా మూడు వారాలు ఉంటుంది. చలికాలం చూసి ఆ దేశం చల్లనిదనుకున్నాను, అంతే.

మరి చల్లదనం ఎక్కడుంది? ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. బళ్ళారి నాలుగు వందల యాభై మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. బెంగళూరు తొమ్మిది వందలు దాటింది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పగటి వేడి మామూలుగా 38, 39 మధ్య ఉంటే, అక్కడ 33, 34 మధ్య ఉంటుంది. డెహ్రాడూను హిమాలయాల పాదాల దగ్గర ఉన్నా దాని ఎత్తు ఆరు వందల యాభై మీటర్లకు లోపే.

ఈ సంగతి మన ఊళ్ళో కొత్తది కూడా కాదు. బ్రిటిషువాళ్ళ కాలంలో బళ్ళారి దండులో జబ్బుపడ్డ సిపాయిలను ఎక్కడికి పంపేవారో తెలుసా? సండూరు కొండల్లో ఉన్న రామణదుర్గానికి. అది మూడు వేల అడుగులు దాటిన ఎత్తు. మనకు కూతవేటు దూరం. మద్రాసు దొరలు ఎండాకాలం ఊటీకి పోయి కచేరీలు నడిపేవారు. వాళ్ళెవరూ ఉత్తరానికి పోలేదు. పక్కనున్న కొండ ఎక్కారు, ఎండలు తగ్గాక దిగివచ్చారు. ఇల్లు అమ్ముకుని పోలేదన్నది ఇందులో గమనించాల్సిన సంగతి.

సిమ్లా వంటి ఎత్తైన కొండలు నిజంగా చల్లనివే కదా అని మీరు అడగవచ్చు. చల్లనివే. రెండు వేల మీటర్లు దాటిన చోట ఎండ బాధ తక్కువ. అయితే అక్కడ కాపురం పెట్టేవాళ్ళు తెలుసుకోవలసినవి వేరే ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లో బయటి రాష్ట్రాలవాళ్ళు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనడానికి వీల్లేదు. 1972 నాటి చట్టం అది. ఉత్తరాఖండ్‌లోనూ బయటివాళ్ళు కొనే స్థలానికి పరిమితులున్నాయి, 2025లో వాటిని ఇంకా బిగించారు. ఎవరో దళారి "మీ పేరున చేయిస్తాను" అంటే డబ్బు ఇవ్వకండి. 2018 వేసవిలో సిమ్లాలో తాగునీళ్ళకు రోజుల తరబడి జనం వరుసల్లో నిలబడ్డారు. ఇక మోకాళ్ళ సంగతి. కొండ ఊళ్ళో కూరగాయలకు పోవాలన్నా మెట్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. చలికి రక్తపోటు పెరుగుతుంది, కీళ్ళు పట్టేస్తాయి. మూడు నెలల ఎండ తప్పించుకుందామని పోయి నాలుగు నెలల చలిలో చిక్కుకుంటాం.

ఇంకొక సంగతి ఉంది. దాన్ని నేను డెహ్రాడూనులోనే తెలుసుకున్నాను. ఒకరోజు మా ఆవిడకు ఒంట్లో బాగాలేక దగ్గరున్న డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. మా వాడు ఆఫీసులో ఉన్నాడు. ఆ డాక్టరు మంచివాడు, ఓపికగానే అడిగాడు. కానీ "ఒళ్ళు తూలుతోంది, కడుపులో వికారంగా ఉంది, గుండె దడదడమంటోంది" అన్న మూడు మాటలు ఆవిడకు హిందీలో రాలేదు. నాకు వచ్చిన హిందీ రైలు టిక్కెట్టు కొనడానికి సరిపోతుంది, అంతకు మించదు. ఆవిడ చేత్తో చూపించి, చివరకు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మనం ఈ సరిహద్దు జిల్లాల్లో ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుతూ పెరిగినవాళ్ళం. జబ్బు చేసినప్పుడు ఏ భాషలోనైనా మన బాధ చెప్పుకోగలం. ఉన్నన్నాళ్ళూ అది ఒక ఆస్తి అని మనకు తోచదు. డెబ్బై ఏళ్ళ వయసులో కొత్త భాష నేర్చుకుని అందులో నొప్పి చెప్పుకోవడం కష్టం.

సరే, జూన్‌లో తిరిగి వచ్చాం. ఇల్లు కొంటానన్నాయనకు క్షమించమని చెప్పాను. కానీ ఊరికే కూర్చుంటే మళ్ళీ మే నెల వస్తుంది కదా. ఊళ్ళోనే ఉండాలంటే ఏం చేయాలో ఒక్కొక్కటే చేశాం.

మొదటిది మిద్దె. మన తాతల కాలంలో మందపాటి గోడలు, మట్టి మిద్దెలు, గాలికీ వెలుతురుకూ గవాక్షాలు ఉండేవి. ఇప్పుడున్నది సిమెంటు స్లాబు. పగలంతా వేడి తాగి రాత్రంతా మన మీదికి వదులుతుంది. శివరాత్రి తరువాత దానిమీద తెల్లసున్నం బంక కలిపి రెండు పూతలు వేయించాను. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. ఇంటి లోపల వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గినా పెద్దవాళ్ళకు అది చాలా తేడా. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లటి పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. పడమటి కిటికీలకు బయటివైపు తడికలు కట్టించాను. లోపల తెర కట్టడం కన్నా బయట నీడ చేయడం మేలు.

రెండోది కూలరు. మన దిక్కున గాలి పొడి కాబట్టి నీళ్ళ కూలరు బాగా పనిచేస్తుంది. దాన్ని పెట్టినప్పుడు ఎదురుగా కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి. యానాం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఉన్న బంధువులు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు, అక్కడి తేమ గాలిలో దానివల్ల ఉక్క పెరుగుతుంది. వట్టి ఫ్యాను విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. గది వేడి నలభై చేరితే ఫ్యాను వేడిగాలినే కొడుతుంది. అప్పుడు తడిబట్టతో చేతులు, మెడ, ముఖం తుడుచుకుని ఫ్యాను కింద కూర్చోవాలి.

మూడోది నీళ్ళు. వంటింటి గట్టుమీద రెండు సీసాలు నింపి పెడతాం. మధ్యాహ్నం భోజనానికి ఒకటి, సాయంత్రం దీపాల వేళకు రెండోది అయిపోవాలి. రాగి అంబలి, పలచటి మజ్జిగ, నన్నారి షర్బత్తు మనకు తెలిసినవే. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు ఎన్ని నీళ్ళు తాగవచ్చో డాక్టరునే అడగాలి. చక్కెర జబ్బువాళ్ళు షర్బత్తు జోలికి పోవద్దు.

నాలుగోది మనుషులు. మా ఇంటి రెండో తాళంచెవి పక్కింట్లో ఉంది. రోజూ మధ్యాహ్నం రెండున్నరకు ఆ అమ్మాయి ఒక కేక వేస్తుంది, మేం పలుకుతాం. పలకకపోతే వచ్చి చూస్తుంది. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, మనిషి తెలివి తప్పినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి. అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి ఒళ్ళు తడపాలి. తెలివి లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఇన్ని చేసినా ఏప్రిల్, మే నెలలు మాకు కష్టమే. అందుకే 2025లో హోసూరులో ఒక చిన్న వాటా అద్దెకు తీసుకుని ఏడు వారాలు ఉన్నాం. తమిళనాడులో ఉన్నా అక్కడి వీధుల్లో తెలుగు వినిపిస్తుంది, కన్నడమూ చెల్లుతుంది. ఎత్తు బెంగళూరుకు దగ్గరదగ్గర. మదనపల్లె కూడా బళ్ళారి కన్నా రెండు వందల మీటర్లకు పైగా ఎత్తు. మీ పిల్లలు బెంగళూరులో ఉంటే అక్కడికే పోవచ్చు. అయితే అక్కడ ఎండే లేదనుకోకండి. 2016 ఏప్రిల్‌లో బెంగళూరు 39 డిగ్రీలు దాటింది, 2024 ఏప్రిల్‌లో 38 దాటింది. అదే యేడు మార్చిలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం జనం ఎదురుచూశారు. పై అంతస్తులో స్లాబు కింది వాటా అయితే బళ్ళారికీ దానికీ తేడా తెలియదు. చూసి తీసుకోండి.

అందరూ ఊళ్ళోనే ఉండిపోండి అని నేను చెప్పడం లేదు. ఒంటరిగా ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ముదిరినవాళ్ళు, పలకరించే మనిషి లేనివాళ్ళు పిల్లల దగ్గరికి పోవడమే మంచిది. ప్రాణం కన్నా ఇల్లు ఎక్కువ కాదు. కానీ పోయేముందు నాలుగు సంగతులు విచారించుకోండి. ఆ ఊరి ఎత్తెంత? మే నెలలో నీళ్ళెక్కడినుంచి వస్తాయి? అర్ధరాత్రి ఒంట్లో బాగాలేకపోతే ఎవరి తలుపు తట్టాలి, ఏ భాషలో చెప్పాలి? భార్యాభర్తల్లో ఒకరు పోతే మిగిలినవాళ్ళు అక్కడ ఒంటరిగా ఉండగలరా? ఈ చివరి ప్రశ్న మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

నాలుగింటికీ జవాబు దొరికినా ఇల్లు వెంటనే అమ్మకండి. ఒక ఎండాకాలం, ఒక చలికాలం అక్కడ అద్దెకు ఉండి చూడండి. పింఛను కాగితాలు ఎక్కడికీ మార్చనక్కరలేదు, నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రం ఇప్పుడు ఏ ఊరినుంచైనా ఇవ్వవచ్చు.

పోయిన మార్చిలో డాక్టరుగారు మా ఆవిడ మాత్ర మార్చి రాశారు. ఆ తరువాత ఇప్పటిదాకా ఆవిడకు మళ్ళీ కళ్ళు తిరగలేదు. ఈ ప్రసంగం వింటున్న పెద్దలు ఈ సాయంత్రమే ఒక పని చేయండి. మీ పక్కింటివాళ్ళను పిలిచి, ఎండాకాలమంతా మధ్యాహ్నం ఒక్కసారి మమ్మల్ని పలకరించండి అని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. నేను మొహమాటపడి ఊరుకున్న రోజుల్లోనే మా ఇంట్లో ఆ మధ్యాహ్నం గడిచింది.